టూరిజం సెమినార్‌కి వక్తల్ని పిలవడం ఎలా?

డిగ్రీ కాలేజీల్లో టూరిజం, చరిత్ర, కామర్స్ చెప్పే కొత్త లెక్చరర్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, నేషనల్ సెమినార్ శాంక్షన్ అయింది, కీనోట్‌కి మంచి పేరు ఒకటి చెప్పండి" అంటారు. కీనోట్ అంటే సెమినార్‌లో ప్రధాన ప్రసంగం. దానికి పేరు చెప్పడం పెద్ద పనేం కాదు. కానీ నేను ముందు ఇంకోటి అడుగుతాను: "ఈ సెమినార్ అయ్యేసరికి ఏ సంగతి తేలాలని మీ కోరిక?" ఆ జవాబు దొరికేదాకా వక్తల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. అది లేకుండా ఎంత పెద్ద ప్రొఫెసర్‌ని తీసుకొచ్చినా, నాలుగు చోట్ల చూపించిన స్లైడ్లే ఇక్కడా చూపించి వెళ్తారు. ఆయన్ని అని లాభం లేదు. మనం ఆయన్ని ఏమీ అడగలేదు మరి.

నేను రాజమహేంద్రవరంలో టూరిజం పాఠాలు చెబుతాను. సెమినార్లు పెట్టడం, పేపర్లు తెప్పించడం, వక్తల్ని తీసుకొచ్చి క్షేమంగా పంపించడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. వీటిలో నాకు బాగా ఇష్టమైనది వక్తల్ని ఎంచుకోవడం. ఆ పని కుదిరిందంటే మిగతా లోట్లు ఎవరికీ గుర్తుండవు.

ముందు ప్రశ్న రాసుకోండి

"సుస్థిర పర్యాటకం: సవాళ్లు, అవకాశాలు" అని బ్రోచర్ మీద వేస్తే ఎవరైనా వచ్చి ఏదైనా మాట్లాడొచ్చు. మా ఊరి వరకు వస్తే, మేం ఒకసారి నది పర్యాటకం మీద సెమినార్ పెట్టుకున్నాం. ప్రశ్న ఇలా రాసుకున్నాం: "పాపికొండల లాంచీ ప్రయాణానికి టూరిస్టు పెట్టే ఖర్చులో ఒడ్డునున్న ఊళ్లకి ఏం చేరుతోంది? ఇంకా చేరాలంటే ఏం చెయ్యాలి?"

టూరిజం చదివినవాళ్లు దీన్ని లీకేజ్ అంటారు. టూరిస్టు ఖర్చు పెట్టిన డబ్బు ఆ ఊళ్లో ఆగకుండా బయటికి పోవడం. ప్రశ్న అలా రాసుకోగానే కింద చిన్న చిన్న ప్రశ్నలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. లాంచీలో పెట్టే భోజనానికి బియ్యం, కూరగాయలు ఎక్కణ్ణించి వస్తున్నాయి? లాంచీలు ఆగే పేరంటపల్లిలో కొండరెడ్ల గిరిజన ఆడవాళ్లు వెదురుతో చేసి అమ్మే పూలకి వాళ్ల కూలి గిడుతోందా? నది ఒడ్డున గుడిసెల్లో రాత్రి బస చేస్తే ఆ అద్దె ఎవరికి వెళ్తుంది? పోలవరం పనుల వల్ల ఊళ్లు తరలిపోతుంటే ఈ వ్యాపారం చేసేవాళ్లు ఎటు పోతున్నారు?

ఇప్పుడు వక్తల జాబితా చూడండి. లీకేజ్‌ని ఎక్కడో ఒకచోట లెక్కగట్టిన ఆర్థికశాస్త్రం మనిషి ఒకరు కావాలి. ఆ డబ్బుని ఊళ్లో ఆపిన చోట పనిచేసిన మనిషి ఇంకొకరు కావాలి. నాకు వెంటనే కేరళ గుర్తొచ్చింది. 2008లో కుమరకంలో బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టినప్పుడు, రిసార్టుల వంటింటికి కావాల్సిన కూరగాయలు చుట్టుపక్కల కుటుంబశ్రీ (స్వయం సహాయక సంఘాల) మహిళల దగ్గరే కొనేలా ఏర్పాటు చేశారు. 2017లో దానికోసం ప్రత్యేకంగా ఒక మిషనే పెట్టింది కేరళ ప్రభుత్వం. అక్కడ ధరలెలా నిర్ణయించారు, సరుకు తక్కువైన రోజు ఏం చేశారు, ఇవి తెలిసిన మనిషి మనకి కావాలి. టికెట్ల లెక్కలు చేతిలో ఉన్న టూరిజం శాఖ అధికారి ఒకరు కావాలి. లాంచీ నడిపే సరంగు కావాలి. పేరంటపల్లిలో అమ్ముకునే ఆడవాళ్లు కావాలి. ఒక్క పేరు కూడా అనుకోకముందే ఎవరెవరు కావాలో తేలిపోయింది.

తెలంగాణ మిత్రులకి ఇదే దారి. పాలంపేటలోని రామప్ప గుడికి 2021 జులైలో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అదే ఏడాది చివర్లో భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. "తెలంగాణలో వారసత్వ పర్యాటకం" అని సెమినార్ పెట్టేబదులు "గుర్తింపు వచ్చాక పాలంపేటలో, పోచంపల్లిలో ఎవరి రోజు ఎలా మారింది?" అని పెట్టండి. అప్పుడు గుడి కట్టడం తెలిసిన ఇంజనీరూ వస్తాడు, మగ్గం మీద కూర్చునే మనిషీ వస్తారు, గుడి బయట కొబ్బరికాయలు అమ్మేవాళ్లూ వస్తారు.

ఎక్కడ వెతకాలి, ఎలా వడగట్టాలి

పర్యాటకం చెప్పే సంస్థల నుంచి మొదలుపెట్టొచ్చు. 1983లో మొదలై, ఇప్పుడు గ్వాలియర్ ప్రధాన కేంద్రంగా ఉన్న ఐఐటీటీఎంకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ ట్రావెల్ మేనేజ్‌మెంట్) మన నెల్లూరులో క్యాంపస్ ఉంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో నిథమ్ ఉంది. తిరువనంతపురంలో కిట్స్ ఉంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో పర్యాటక విభాగం ఉంది. వీళ్ల వెబ్‌సైట్లలో అధ్యాపకుల పేజీలు చూడండి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల విద్వాన్‌లో (అధ్యాపకుల, పరిశోధకుల వివరాలుండే వెబ్‌సైట్) సబ్జెక్టు పేరు కొట్టి వెతకండి.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది శోధ్‌గంగ. అందులో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలుంటాయి. మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న థీసిస్ తెరిచి, ఫీల్డ్‌వర్క్ అధ్యాయం చదవండి. ఎక్కడ తిరిగారు, ఎవరిని అడిగారు, ఎన్నాళ్లున్నారు అన్నది అక్కడ తెలుస్తుంది. చాలాసార్లు గైడ్ (పరిశోధన పర్యవేక్షించిన ప్రొఫెసర్) కంటే ఆ థీసిస్ రాసిన మనిషే మన సెమినార్‌కి సరిపోతారు. గైడ్ పేరు పెద్దది కావచ్చు, ఎండలో తిరిగి ప్రశ్నపత్రాలు నింపించింది మాత్రం ఆ అమ్మాయో అబ్బాయో. ముప్పై ఏళ్ల మనిషిని ప్లీనరీకి (అందరూ కలిసి వినే సెషన్‌కి) పిలిస్తే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోరేమో అని భయపడతారు కొత్తవాళ్లు. థీసిస్‌లో రెండు పేజీలు ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టండి, ఒప్పుకుంటారు.

పేరు దొరికాక మూడు సంగతులు చూస్తాను. ఒకటి, ఈ అయిదేళ్లలో ఆ మనిషి కొత్తగా ఏం చేశారు. రెండు, ఆయన పాత ఉపన్యాసం యూట్యూబ్‌లో ఉంటే చివరి పది నిమిషాలు చూస్తాను, అంటే ప్రశ్నలు జవాబులు. పిల్లాడు తడబడుతూ అడిగిన ప్రశ్నని ఎలా తీసుకున్నారన్నది నాకు ముఖ్యం. మూడు, స్లైడ్లు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పేరు 2024 నుంచి యూఎన్ టూరిజం అని మారింది. ఇంకా పాత పేరుతో, కోవిడ్ ముందు నాటి అంకెలతోనే చూపిస్తున్నారంటే ఆ స్లైడ్లు తెరిచి చాలా కాలమైందని అర్థం.

ఇంకో మాట. డజను ఫొటోలతో రంగురంగుల పోస్టర్ వేసి, "అంతర్జాతీయ" అని రాసి, వక్తల దగ్గరే డబ్బు కట్టించుకునే సదస్సులు బోలెడు వస్తున్నాయి. వాటి పోస్టర్లలో కనిపించే పేర్లు ఏరుకుని మీ జాబితా తయారు చేయకండి. కొందరికి తమ ఫొటో అక్కడ వేశారని కూడా తెలియదు.

ఆహ్వాన లేఖలో ఏం రాయాలి

"మీ అమూల్యమైన ప్రసంగంతో మా విద్యార్థులను ఉత్తేజపరచవలసిందిగా కోరుతున్నాము" అని రాసి పంపితే, ఉత్తేజపరిచే ప్రసంగమే వస్తుంది. నేను రాసే లేఖ ఇలా ఉంటుంది. కావాలంటే మీ సంగతులు మార్చుకుని వాడుకోండి.

"నమస్కారం. పాపికొండల లాంచీ పర్యాటకం మీద రెండు రోజుల సెమినార్ పెడుతున్నాం. టూరిస్టు ఖర్చులో ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాలకి చేరే భాగం గురించి మా ప్రశ్న. మీరు హోమ్‌స్టేల ఆదాయం మీద రాసిన వ్యాసం చదివాం. అందులో ఇంటివాళ్ల ఖర్చుల పట్టిక మాకు బాగా ఉపయోగపడింది. అలాంటి లెక్క ఇక్కడ తీయాలంటే ఏ వివరాలు సేకరించాలో మీరు చెప్పాలని కోరిక. మీకు 35 నిమిషాలు, తర్వాత ప్రశ్నలకి 20 నిమిషాలు. వినేవాళ్లు డిగ్రీ రెండు, మూడో ఏడాది పిల్లలు, పరిశోధకులు, లాంచీ యజమానులు కొందరు. బట్లర్ నమూనా, డాక్సీ సూచిక మా పిల్లలకి తరగతిలో చెప్పేశాం. మీరు తెలుగులో మాట్లాడినా ఇంగ్లీషులో మాట్లాడినా ఫరవాలేదు, పక్కన తెలుగులో చెప్పేవాళ్లుంటారు. మీకు వీలుకాకపోతే ఈ విషయం తెలిసిన మరొకరి పేరు చెప్పగలరు."

ఆ బట్లర్ వాక్యం కావాలనే పెడతాను. రిచర్డ్ బట్లర్ 1980లో ఒక నమూనా ప్రతిపాదించారు. పర్యాటక ప్రదేశం అన్వేషణతో మొదలై, స్థానికుల ప్రవేశం, అభివృద్ధి, స్థిరపడటం, స్తబ్దత దాటి, చివరికి క్షీణించడమో మళ్లీ పుంజుకోవడమో జరుగుతుందని చెప్పే గీత అది. డాక్సీ 1975లో చెప్పింది, టూరిస్టులు పెరిగేకొద్దీ స్థానికుల సంతోషం ఉదాసీనతగా, చిరాకుగా, చివరికి వ్యతిరేకతగా మారే క్రమం. రెండూ గొప్పవే, పిల్లలకి తప్పక తెలియాలి. అయితే సెమినార్లో ముగ్గురు వక్తలు వరసగా అదే గీత గీస్తే పొద్దు గడిచిపోతుంది. ముందే చెప్పేశామని రాస్తే వక్త ఆ స్లైడ్లు తీసేసి, "పాపికొండలు ఆ గీత మీద ఎక్కడున్నాయి? 2019లో లాంచీ మునిగిన ప్రమాదం తర్వాత లాంచీలు చాలా కాలం ఆగిపోవడాన్ని స్తబ్దత అనాలా, ఇంకేమైనా అనాలా?" అన్నదానికి వస్తారు. మాకు కావాల్సింది అదే.

లేఖ కనీసం మూడు నెలల ముందు వెళ్లాలి. జవాబు రాకపోతే వారం తర్వాత ఒకసారి ఫోన్ చెయ్యండి. "సరే వస్తాను" అన్నాక వదిలేయకుండా, నెల ముందు మీ ప్రాంతం గురించి రెండు మూడు పేజీలు రాసి పంపండి: మ్యాపు, లాంచీలు బయల్దేరే చోటు, ఊళ్ల పేర్లు, ఫొటోలు. లాంచీలు బయల్దేరే గండిపోచమ్మ ఎక్కడుందో, ఆ ప్రమాదం జరిగిన కచ్చులూరు ఎక్కడుందో తెలిసిన వక్త వేరేలా మాట్లాడతారు.

సరంగుని వేదిక మీదికి తేవడం

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. "ఆయనకి డిగ్రీ లేదు కదా, ఏ హోదాలో పిలుస్తాం?" అంటారు. మనది పర్యాటక పరిశోధన. నది మీద ఇరవై, ముప్పై ఏళ్లు లాంచీ నడిపిన మనిషికి తెలిసింది ఏ జర్నల్లోనూ దొరకదు. ఆహ్వానపత్రంలో ప్రొఫెసర్ల పేర్లు ఏ సైజులో వేశారో ఆయన పేరు కూడా అదే సైజులో, "సరంగు, పాపికొండలు" అని వెయ్యండి. ఆనరోరియం (గౌరవ పారితోషికం) కూడా మిగతా వక్తలతో సమానంగా ఇవ్వండి. ఇది నేను పట్టుబట్టే విషయం.

తేదీ ఆయన్ని అడిగి పెట్టుకోండి. కార్తీక మాసంలో, ఆదివారాల్లో వాళ్లకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. గోదావరికి వరద వచ్చే రోజుల్లో లాంచీలు ఆపేస్తారు, అప్పుడు ఖాళీగా ఉంటారు. మన అకడమిక్ క్యాలెండర్ చూసుకుని నవంబర్లో పెట్టేస్తే మనకి కావాల్సిన మనుషులందరూ నీళ్ల మీద ఉంటారు.

పిలవడానికి స్వయంగా వెళ్లండి. మేం వెళ్లినప్పుడు ఆ పెద్దాయన, "మీటింగుల్లో మాట్లాడ్డం నా వల్ల కాదండి మేడమ్ గారూ" అన్నారు.

"ఉపన్యాసం వద్దండి బాబాయ్ గారూ. నేను పక్కనే కూర్చుంటాను. అడిగినదానికి చెప్పండి చాలు."

"ఆయ్. అడిగితే ఎందుకు సెప్పనండి!"

అందుకని మైకు స్టాండ్ తీసేసి, రెండు కుర్చీలు, చేతి మైకులు పెట్టాం. వెనక తెర మీద గండిపోచమ్మ నుంచి పేరంటపల్లి దాకా లాంచీ ముందు భాగం నుంచి తీసిన వీడియో, మాట లేకుండా. ఆయన కళ్లు తెర మీదుంటే జనం సంగతి మర్చిపోతారని మా ఆలోచన. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఆయన చేతులు చేసే పని గురించి ఉండాలి. "పర్యాటకాభివృద్ధి మీద మీ అభిప్రాయం ఏంటి?" అనే ప్రశ్నకి ఎవరైనా "బాగుందండి" అంటారు. నేను అడిగింది: "కచ్చులూరు మందం దగ్గరికి వస్తుంటే మీరు ముందు ఏం చూస్తారు?"

నదిలో సుడులు తిరిగే చోటది. 2019 సెప్టెంబర్ 15న లాంచీ మునిగింది అక్కడే. హాల్లో అందరికీ ఆ పేరు తెలుసు.

"నురగ ఎటు తిరుగుతుందో చూస్తామండి. ఒడ్డుకి ఎంత దూరంలో పోవాలన్నది నీటిని బట్టి ఉంటాది. వరద తీసేటప్పుడు ఒక దారి, ఎండల్లో ఒక దారి" అన్నారు. కాసేపాగి, ఎవరూ అడక్కుండానే, "సుడి కంటే నాకు భయం ఇంకోటుందండి. పాపికొండలు కనపడగానే ఫోన్లు పట్టుకుని జనం అంతా ఒక్క పక్కకే వచ్చేస్తారు. లాంచీ ఒరిగిపోద్ది. మైకులో చెప్తే ఇనరు, పాటల సౌండు" అన్నారు.

అప్పటిదాకా కేరీయింగ్ కెపాసిటీ (ఒక చోటు ఎంతమంది టూరిస్టుల్ని తట్టుకోగలదన్న లెక్క) మీద మాట్లాడిన ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి ముందుకు వంగారు. లాంచీ ఎంతమందిని మోయగలదన్నది లైసెన్సు మీద ఒక అంకె. ఆ మందీ ఏ నిమిషంలో ఎక్కడ నిలబడతారన్నది వేరే లెక్క. దాన్ని ఎలా కొలవాలని ఆయన అడగడం, రెండు పక్కలా కెమెరాలు పెట్టి చూడొచ్చని ఒక పరిశోధకురాలు అనడం, ఏయే మలుపుల దగ్గర జనం లేస్తారో సరంగు గారు వరసగా చెప్పడం, అలా ఆ సెషన్ నడిచింది. అక్కడి నుంచే ఒక ఎమ్మే విద్యార్థికి ప్రాజెక్టు దొరికింది. విడివిడి సెషన్లలో వేసి ఉంటే వీళ్లు ముగ్గురూ భోజనాల దగ్గర నమస్కారం పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. కాబట్టి చదువుకున్న నిపుణుణ్ణి, పని తెలిసిన నిపుణుణ్ణి ఒకే సెషన్లో, ఒకరి మాట ఒకరు వినేలా కూర్చోబెట్టండి.

కొండరెడ్ల ఆడవాళ్లని పిలిచేటప్పుడు ఇంకొంచెం శ్రద్ధ కావాలి. ఒక్కరినే పిలవకండి, ఇద్దరు ముగ్గురు కలిసి రానివ్వండి. ఇంటి నుంచి ఇంటికి బండి పంపండి, పసిపిల్లలుంటే వాళ్లనీ తీసుకురమ్మని చెప్పండి, ఆ రోజు పోయే బేరం ఎంతో అడిగి అది ఆనరోరియంలో కలపకుండా విడిగా ఇవ్వండి. వాళ్లు అమ్మే వెదురు పూలు ముందు బల్ల మీద పెట్టి, ఒక్కో దాని మీద ఎంత సేపు కూర్చున్నారో, ఎంతకి అడుగుతారో, టూరిస్టు బేరమాడి ఎంతకి తీసుకెళ్తాడో అడగండి. లీకేజ్ మీద ఆర్థికశాస్త్రజ్ఞుడికి కావాల్సిన లెక్కలు అక్కడే బల్ల మీద ఉంటాయి. రాలేమంటే మీరే వెళ్లి, వాళ్ల అనుమతితో వీడియో తీసి, ఎక్కడెక్కడ చూపిస్తారో చెప్పి, అంతే వాడండి. గిరిజనుల్ని సాయంత్రం కొమ్ము కోయ నృత్యానికి మాత్రమే పిలిచి, పొద్దున్న వాళ్ల గురించి మనం మాట్లాడుకునే పద్ధతి ఇకనైనా మానాలి. నృత్యం పెట్టుకోండి, సంతోషమే. పొద్దున్న సెషన్లో కూడా వాళ్ల గొంతు వినపడాలి.

అధికారులు, విదేశాల్లో ఉన్నవాళ్లు

అధికారిని ఉపన్యాసం అడిగితే పథకాల జాబితా వస్తుంది. లెక్కలు అడగండి. "గత సీజన్‌లో నెలవారీగా ఎంతమంది ప్రయాణించారు, లైఫ్ జాకెట్ల తనిఖీ ఎలా చేస్తున్నారు" అని రాతపూర్వకంగా, పై అధికారి ద్వారా పంపండి. ఉదయం కలెక్టర్ గారి రివ్యూ పడితే రాలేరు. కాబట్టి ఆ లెక్కలు ముందే తెప్పించుకుని, రాలేకపోతే చదివే మనిషిని సిద్ధంగా పెట్టుకోండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జులై 14న మా ఊరి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది, రెండు డజన్ల మందికి పైగా పోయారు. తీర్థయాత్రల పర్యాటకం మీద సెమినార్ పెట్టేవాళ్లు పోలీసు, రైల్వే, దేవాదాయ శాఖల్లో రద్దీ చూసిన ఉద్యోగుల్ని తప్పక పిలవండి. రిటైరైన వాళ్లయితే మనసు విప్పి మాట్లాడతారు.

విదేశీ వక్తని స్వయంగా రప్పించాలంటే టూరిస్టు వీసా చాలదు, కాన్ఫరెన్స్ వీసా కావాలి. ప్రభుత్వ సంస్థలైతే కేంద్రం నుంచి ముందస్తు అనుమతులు కూడా తీసుకోవాలి. అంత సమయం, డబ్బు లేని కాలేజీకి ఆన్‌లైనే మేలు. మన పొద్దున్న పది గంటలంటే చలికాలం ఇంగ్లండ్‌లో తెల్లవారుజాము నాలుగున్నర. అందుకని వాళ్ల సెషన్ మధ్యాహ్నం మూడు తర్వాత వెయ్యండి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పర్యాటకం, హాస్పిటాలిటీ చెప్పే తెలుగువాళ్లు డిసెంబర్, జనవరిలో సంక్రాంతికి ఇళ్లకి వస్తుంటారు. ఆ సమయానికి సెమినార్ పెట్టుకుంటే టికెట్ ఖర్చు లేకుండా మంచి వక్త దొరుకుతారు. రావులపాలెంలోనో అమలాపురంలోనో అమ్మమ్మ ఇల్లుంటే మరీ సులువు.

డబ్బు, ప్రయాణం

దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఆనరోరియం ఎంత, ఏ తరగతి రైలు టికెట్, విమానం ఇస్తారా లేదా, బస ఎక్కడ అన్నది మొదటి లేఖతోనే పంపండి. మాటల్లో "చూసుకుందాం సార్" అనొద్దు. ఐసీఎస్ఎస్ఆర్ గ్రాంట్ అడిగేవాళ్లు (భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి; దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది) వక్తల పేర్లు, అంగీకార లేఖలు దరఖాస్తుతో పెట్టి ఉంచుకుంటే పని నడుస్తుంది. పాన్, బ్యాంక్ పాస్‌బుక్ కాపీ, టికెట్లు, బోర్డింగ్ పాస్ కావాలని ముందే చెప్పండి. వచ్చేటప్పటి బోర్డింగ్ పాస్ దిగగానే తీసుకోండి, పోయాక వెతుక్కోవడం ఇద్దరికీ టెన్షన్. సరంగు గారికి పాన్ లేకపోవచ్చు. అకౌంట్స్ సెక్షన్‌తో ముందే మాట్లాడి ఏ కాగితం సరిపోతుందో కనుక్కోండి. డబ్బు ఆయన ఇంటికి వెళ్లేలోపు ఖాతాలో పడాలి.

రైల్లో వచ్చేవాళ్లకి స్టేషన్‌కి ఒక విద్యార్థిని పంపండి. గౌతమి దిగి తెల్లవారుజామున వచ్చిన మనిషిని పదింటికే వేదిక మీద కూర్చోబెట్టకండి, స్నానం చేసి టిఫిన్ తిని గంట పడుకునే వీలుండాలి. ఒకరోజు ముందు రాగలిగినవాళ్లని లాంచీ ఎక్కించి తీసుకెళ్లండి. లాంచీలు ఆపేసిన రోజులైతే వీలున్నంత వరకు రోడ్డు మీదైనా తిప్పండి. మర్నాటి ప్రసంగం అప్పటికప్పుడు మార్చుకున్నవాళ్లని నేను చూశాను.

ఆ రోజు

జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఒక్కొక్కరికీ శాలువా, బొకే, మెమెంటో, ఫొటో. ఇవన్నీ అయ్యేసరికి పన్నెండవుతుంది. పాపం కీనోట్ వక్తకి "సార్, టైం లేదు, పదిహేను నిమిషాల్లో" అని చీటీ వెళ్తుంది. ఢిల్లీ నుంచో కొచ్చి నుంచో పిలిపించిన మనిషికి ఇది ఎంత అవమానమో ఆలోచించండి. ప్రారంభ సభని, కీనోట్‌ని విడగొట్టండి. మధ్యలో టీ పెట్టండి. అతిథులు వెళ్లిపోయాక, వినాలనుకున్నవాళ్లు మాత్రమే ఉన్న హాల్లో కీనోట్ మొదలుపెట్టండి. సన్మానాలు సాయంత్రం చివర్లో ఒకేసారి చెయ్యండి. బొకేల బదులు మేం కడియం నర్సరీ మొక్క, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఇస్తాం. విమానంలో వెళ్లేవాళ్లకి మొక్క వద్దు, పూతరేకులు చాలు.

ఒక్కో వక్తకి ఇద్దరు విద్యార్థుల్ని ముందే కేటాయించండి. వాళ్లు ఆ వక్త రాసింది ఒక్క వ్యాసమైనా చదివి, రెండు ప్రశ్నలు రాసుకు రావాలి. మొదటి ప్రశ్న వాళ్లదే. మిగతావాళ్లకి చీటీలు పంచి తెలుగులోనే రాసివ్వమనండి. ఇంగ్లీషులో అడగాలనే బెరుకుతో ఆగిపోయే మంచి ప్రశ్నలు అలా బయటికొస్తాయి. సెషన్ చైర్‌కి ముందురోజే చెప్పాలి: పరిచయం రెండు నిమిషాలు, బయోడేటా మొత్తం చదవక్కర్లేదు, ప్రశ్నల సమయంలోంచి ఒక్క నిమిషం కూడా తీసుకోకూడదు. టైం చూసే విద్యార్థి మొదటి వరసలో కూర్చుని పది, అయిదు అని అట్టలు చూపిస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

అయిపోయాక

వారంలోపు ప్రతి వక్తకీ ఆడియో, ఫొటోలు, తన సెషన్లో వచ్చిన ప్రశ్నలన్నీ టైప్ చేసి పంపండి. చీటీల్లో సమయం చాలక మిగిలిపోయినవి కూడా. చాలామంది తీరిగ్గా జవాబులు రాస్తారు, అవి ప్రొసీడింగ్స్‌లో (సెమినార్ వ్యాసాల పుస్తకంలో) పెట్టుకోవచ్చు.

సరంగు గారి మాటలు విద్యార్థుల చేత ఉన్నదున్నట్టు రాయించండి. మన భాషలోకి దిద్దకుండా ఆయన చెప్పిన తీరులోనే ఉంచి, చదివి వినిపించి, ఏదైనా తీసెయ్యమంటే తీసేసి, ప్రొసీడింగ్స్‌లో ఆయన పేరుతోనే వ్యాసంగా వేయండి. మనం రాసి కింద "ఒక బోటు ఆపరేటర్ ప్రకారం" అనడం అన్యాయం. పుస్తకం వచ్చాక రెండు కాపీలు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి.

చివరిగా సిఫార్సుల కాగితం. ఒక్క పేజీ చాలు. మా సెమినార్ నుంచి వెళ్లినదాంట్లో మూడే అంశాలున్నాయి: జనం లేచే మలుపుల దగ్గర పాటలు ఆపి హెచ్చరిక చెప్పడం, లాంచీ భోజనానికి కూరగాయలు ఒడ్డు ఊళ్లలో కొనే ప్రయత్నం, పేరంటపల్లిలో ఆడవాళ్లకి నీడ ఉన్న అమ్మకపు చోటు. ప్రతిదాని పక్కనా అది ఏ వక్త చెప్పారో రాసి, అందరి సంతకాలు పెట్టించి, కలెక్టరేట్‌కీ టూరిజం కార్పొరేషన్‌కీ విడివిడిగా ఇచ్చి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. రెండు నెలలాగి ఆ స్టాంపు కాపీ పట్టుకుని మళ్లీ వెళ్లి అడగండి.